మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు నేలలు: పుట్టుక, స్వభావం, అధ్యయన చరిత్ర

హైదరాబాదుకు ఉత్తరాన, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉన్న మేడ్చల్, శామీర్‌పేట మండలాల నేలలు చాలావరకు గ్రానైటు జాతి శిలలు శిథిలమై ఏర్పడిన ఎర్రనేలలు. రైతులు వీటిని చల్క అంటారు. ఇసుక పాలు ఎక్కువై వదులుగా ఉన్న నేలను దుబ్బ అని, పల్లాల్లో పేరుకున్న నల్లని బంకనేలను రేగడి అని, ఉప్పు పైకి తేలి తెల్లబారిన నేలను చౌడు అని వేరు చేస్తారు. ఏడాదిలో నాలుగైదు నెలలు వాన పడి, మిగిలిన కాలమంతా పొడిగా ఉండే ఉష్ణమండలంలో, గడ్డి మధ్య చెట్లు ఎడంగా పెరిగే భూభాగాన్ని సవన్నా అంటారు. మేడ్చల్ ప్రాంతం అటువంటి సవన్నాకూ, వేసవిలో ఆకు రాల్చే పొడి అడవికీ నడిమి హద్దున ఉంది. ఇక్కడ సగటున ఏడాదికి 750 నుంచి 850 మిల్లీమీటర్ల వాన పడుతుంది; అందులో సుమారు నాలుగింట మూడు వంతులు జూన్–సెప్టెంబరు నెలల్లోనే కురుస్తుంది. ఈ నేలల ఎరుపు రంగు, కింది పొరల్లోని బంకమన్ను, వాటి అడుగున ఉన్న మెత్తని శిథిల శిల నేటి వానలకు ఏర్పడినవి కావని, ఇంతకంటె తేమగా ఉన్న ఒక పాత కాలంలో ఏర్పడి నిలిచినవని మృత్తికా శాస్త్రం తేల్చింది. ఈ ప్రాంతపు భూచరిత్రలో అన్నిటికంటె ముఖ్యమైన విషయం అదే.

ఆధార శిల

శామీర్‌పేట చుట్టుపక్కల గుట్టల మీద కనిపించే గులాబీ, బూడిద రంగుల గ్రానైటు తూర్పు ధార్వార్ క్రేటాన్ అనే అతి ప్రాచీన భూఖండ భాగానికి చెందినది. దీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఈ శిలలో ప్రధానంగా మెరిసే గాజువంటి క్వార్ట్‌జ్, పొటాషియం ఉన్న గులాబీ రంగు ఫెల్‌స్పార్, సోడియం, కాల్షియం ఉన్న తెల్లని ఫెల్‌స్పార్, ఇనుము కలిసిన నల్లని అభ్రకమైన బయోటైట్ ఉంటాయి. ఇక్కడి చేలలో కనిపించే ముఖ్య గుణాలకు మూలం చాలావరకు ఈ నాలుగు ఖనిజాలలోనే ఉంది: చల్కలోని గరుకు ఇసుక క్వార్ట్‌జ్ నుంచి, బంకమన్ను ఫెల్‌స్పార్ల నుంచి, ఎరుపు బయోటైట్‌లోని ఇనుము నుంచి, చౌడులోని సోడియం తెల్లని ఫెల్‌స్పార్ నుంచి వచ్చాయి. గ్రానైటును చీల్చుకొని అక్కడక్కడ డోలరైటు అనే నల్లరాయి నిలువు గోడల్లా చొచ్చుకొని ఉంటుంది. దానిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ కాబట్టి దాని పక్కన నేల నలుపు తిరుగుతుంది.

హైదరాబాదుకు పడమరగా వికారాబాదు వైపు వెళ్తే గ్రానైటు అంతమై, సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట ప్రవహించిన లావా గట్టిపడిన బసాల్టు మొదలవుతుంది. అక్కడ రేగడి విస్తారంగా పరుచుకొని ఉండగా మేడ్చల్‌లో అది వాగుల వెంట, చెరువుల కింద మాత్రమే కనిపించడానికి కారణం ఈ శిలా భేదమే.

రాయి నేలగా మారిన తీరు

రాయి ఉన్నచోటనే విరిగి, మెత్తబడి, రసాయనికంగా మారిపోవడాన్ని శైథిల్యం అంటారు. వాననీరు గాలిలోని, అంతకంటె ఎక్కువగా వేళ్ల చుట్టూ ఉండే మట్టిగాలిలోని బొగ్గుపులుసు వాయువును కరిగించుకొని బలహీనమైన ఆమ్లంగా మారి, గ్రానైటు పగుళ్లలోకి దిగుతుంది. మొదట లొంగేది బయోటైట్. అది నీటిని, ఆమ్లజనిని గ్రహించి ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు చుట్టూ ఉన్న గట్టి గింజలు ఎడమై రాయి నెర్రెలు విచ్చుతుంది. తరువాత ఫెల్‌స్పార్లు కరిగి, వాటిలోని సోడియం, కాల్షియం, పొటాషియం నీటితో కొట్టుకుపోగా, మిగిలిన సిలికా, అల్యూమినియం కలిసి కయోలినైట్ వంటి బంక ఖనిజాలు అవుతాయి. బయోటైట్ విడిచిన ఇనుము ఆమ్లజనితో కలిసి హెమటైట్ అనే ఎర్రని ఆక్సైడుగా మారి ప్రతి గింజ మీదా పలుచని పూత అవుతుంది. క్వార్ట్‌జ్ మాత్రం దాదాపు మారదు.

ఈ దశలో రాతి ఆకారం చెడకుండా, పారతో తవ్వితే పొడిగా రాలిపోయే పదార్థం మిగులుతుంది. తెలంగాణలో దీని పేరు మొరం. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో ఫ్రెంచి శాస్త్రవేత్తల సహకారంతో నడిచిన భూగర్భజల పరిశోధన కేంద్రం, నగరానికి దక్షిణాన ఉన్న మహేశ్వరం పరీవాహక ప్రాంతంలో ఈ శిథిల పొరలను వివరంగా కొలిచింది. అక్కడ పైన 10 నుంచి 20 మీటర్ల మందాన మెత్తని శిథిల శిల, దాని కింద ఇంచుమించు అంతే మందాన నెర్రెలు విచ్చిన శిల, ఆ కింద చెక్కుచెదరని గ్రానైటు ఉన్నాయని, ఆ నెర్రెలకు బయోటైట్ ఉబ్బడమే ముఖ్య కారణమని ఆ పరిశోధన నిరూపించింది. మేడ్చల్ గ్రానైటు కూడా అదే జాతిది. ఇక్కడి బోరుబావులకు అందే నీరు చాలావరకు ఆ నెర్రెల పొరలో నిలిచినదే.

మొరం పైన అసలైన నేల ఏర్పడుతుంది. వానలకు పై పొరలోని సన్నని బంక రేణువులు నీటితో కిందికి దిగి, ఒకటి రెండు అడుగుల లోతున సూక్ష్మ రంధ్రాల గోడలకు పొరలుగా అంటుకొంటాయి. అందువల్ల చల్కలో పై జానెడు మన్ను ఇసుక గరపగా ఉండి, తవ్వుతూ పోతే ఎర్రగా, బంకగా, గట్టిగా మారుతుంది. బంకమన్ను ఇలా దిగి పేరుకొన్న పొర ఉండి, పోషక లవణాలు పూర్తిగా కడిగివేయబడని నేలలను అమెరికా వ్యవసాయ శాఖ 1975లో ప్రచురించిన వర్గీకరణ ఆల్ఫిసోల్‌లు అంటుంది. లోతైన చల్కలు ఈ తరగతికి చెందుతాయి. బంక పొర ఏర్పడేంత వయస్సు లేని గుట్టవాలు నేలలు వేరే తరగతులలో చేరతాయి.

ఈ ఎర్రనేలలను లాటరైటు అని పిలవడం సరికాదు. ఫ్రాన్సిస్ బుకానన్ మలబారులోని అంగాడిపురం వద్ద చూసి 1807లో ప్రచురించిన గ్రంథంలో పేరు పెట్టిన లాటరైటులో సిలికా దాదాపు కొట్టుకుపోయి, ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు గట్టి రాయిగా పేరుకొంటాయి. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల మీద, జహీరాబాదు పీఠభూమి మీద అటువంటి లాటరైటు ఉంది. మేడ్చల్ చల్కలో శైథిల్యం అంత దూరం సాగలేదు. ఫెల్‌స్పార్ గింజలు ఇంకా మిగిలి ఉన్నాయి, ఉదజని సూచిక తటస్థానికి దగ్గరగానే ఉంటుంది.

ప్రాచీన వాతావరణపు సాక్ష్యం

నాగపూర్‌లోని జాతీయ మృత్తికా సర్వేక్షణ, భూవినియోగ ప్రణాళికా సంస్థకు చెందిన డి. కె. పాల్, ఆయన సహచరులు దక్షిణ, మధ్య ద్వీపకల్పపు నేలల్లోని బంక ఖనిజాలను ఎక్స్ కిరణాలతో పరీక్షించి 1989లో ఒక ముఖ్యమైన నిర్ణయం ప్రకటించారు. ఎర్రనేలల్లోని ఖనిజాలు రెండు వేర్వేరు వాతావరణాల ముద్రను మోస్తున్నాయి: ఫెల్‌స్పార్లు లోతుగా శిథిలమై కయోలినైట్‌గా మారే దిశలో సాగడం ఎక్కువ వాన పడిన పాత కాలపు పని, ఆ తరువాత ఏర్పడిన సున్నపు గడ్డలు, బయోటైట్ మరొక మార్గంలో సగంవరకే మారిపోవడం వాన తగ్గిన తరువాతి కాలపు పని. ఎందుకంటే నేల గుండా నీరు ప్రవహించే కాలంలో సున్నం నిలవదు, అది కరిగిపోతుంది. నీరు కొంత లోతు వరకే దిగి ఆవిరయ్యే కాలంలోనే అది గడ్డకడుతుంది. ఎర్రని బంక పొర కింద తెల్లని సున్నపు గడ్డలు ఒకే గుంటలో కనిపించడం ఈ రెండు కాలాలకూ సాక్ష్యం.

గుట్టల రూపం కూడా ఇదే కథ చెబుతుంది. శామీర్‌పేట, కీసర పరిసరాల్లో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలిచిన బండరాళ్లు పైనుంచి దొర్లి వచ్చినవి కావు. భూమి లోపల పగుళ్ల వెంట నీరు దిగి, మూలలను ముందుగా కరిగించి, రాయిని ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఒలిచినప్పుడు మధ్యన మిగిలిన గట్టి గుండ్లు అవి. చుట్టూ ఉన్న మొరం తరువాతి కాలంలో కొట్టుకుపోవడంతో అవి బయటపడ్డాయి. అంటే ఒకప్పుడు ఆ గుండ్ల ఎత్తు వరకు శిథిల శిల కప్పి ఉండేదన్నమాట. పై నుంచి పోయిన ఆ మన్నే కింది చేలలో, వాగు ఒడ్డుల్లో పేరుకొని ఉంది.

వాలు వెంబడి నేలలు

జాఫ్రీ మిల్న్ అనే శాస్త్రవేత్త 1930లలో తూర్పు ఆఫ్రికా సవన్నాలో పనిచేస్తూ, ఒకే శిల మీద, ఒకే వానలో, మిట్ట నుంచి పల్లానికి నేలలు ఒక నియమిత వరుసలో మారుతాయని గుర్తించి, దానిని నేలల గొలుసుగా వర్ణించాడు. మిట్టన ఎర్రనేల, పల్లాన నల్లని బంకనేల అనే ఆయన వరుస మేడ్చల్ ప్రాంతానికి ఇంచుమించు యథాతథంగా వర్తిస్తుంది. గుట్ట నెత్తిన రాయి, దాని పాదాన అడుగు లోతు కూడా లేని మొరపు నేల, నడిమి వాలులో రెండు మూడు అడుగుల చల్క, వాలు చదునయ్యే చోట దుబ్బ, పల్లాన రేగడి, వాగు పక్కన లేదా చెరువు కట్ట దిగువన చౌడు మచ్చలు. ఈ మార్పు ఒక్కోసారి అర కిలోమీటరు నడకలోనే పూర్తవుతుంది.

వాలులో నీరు నిలవదు కాబట్టి లవణాలు కొట్టుకుపోయి ఇనుము మిగులుతుంది. అవే లవణాలు పల్లానికి చేరి, అక్కడ ఆగిన నీటిలో సిలికాతో కలిసి స్మెక్టైట్ అనే మరొక బంక ఖనిజంగా మారతాయి. స్మెక్టైట్ తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. రేగడి వేసవిలో కాలు దూరేంత వెడల్పున నెర్రెలు విడవడానికి, వానకు కాలికి అంటుకొని నాగలి కదలనీయకపోవడానికి అదే కారణం. ఇటువంటి నేలలను వర్గీకరణలో వర్టిసోల్‌లు అంటారు. సోడియం పేరుకొన్న చోట బంక రేణువులు విడిపోయి రంధ్రాలను మూసివేస్తాయి, నీరు ఇంకదు, అది చౌడు. చాకళ్లు తరతరాలుగా బట్టలు ఉతకడానికి వాడిన చౌడు మట్టి అందులోని సోడియం కార్బొనేటు వల్లనే పనిచేస్తుంది.

గడ్డి, చెట్లు, చెదలు

వృక్షాలకు ఇక్కడి నేల పెట్టే హద్దు పోషకాల కంటె నీటి విషయంలోనే ఎక్కువ. లోతైన రేగడి మొక్కకు అందే నీటిని 200 మిల్లీమీటర్లకు పైగా పట్టి ఉంచగలదు; చల్క దానిలో సగం కూడా నిలపలేదు, మొరపు నేల ఇంకా తక్కువ. అందువల్ల గడ్డి పై పొరలోని తడితో వానాకాలమంతా పెరిగి ఎండిపోగా, మోదుగ, తునికి, రేల, చండ్ర, వేప వంటి చెట్లు నెర్రెల్లోకి వేళ్లు దించి వేసవిని దాటుతాయి. తంగేడు, పరికి, సీతాఫలం పొదలు గుట్టవాలుల్లో నిలుస్తాయి.

ఈ గడ్డిపొదల భూములను బ్రిటిషు కాలపు అటవీ శాస్త్రం క్షీణించిన అడవులుగానే లెక్కగట్టింది. 1968లో వచ్చిన ఛాంపియన్, సేథ్‌ల అటవీ వర్గీకరణలోనూ ఆ దృష్టి కొనసాగింది. బెంగుళూరుకు చెందిన జయశ్రీ రత్నం, మహేశ్ శంకరన్ మొదలైన జీవావరణ శాస్త్రవేత్తలు 2011 నుంచి ప్రచురించిన వ్యాసాలలో ఆసియా సవన్నాలు మనిషి చెడగొట్టిన అడవులు కావని, స్వతంత్రమైన ప్రాచీన వ్యవస్థలని వాదించారు. మేడ్చల్ విషయంలో రెండు మాటల్లోనూ నిజం ఉంది: పలుచని మొరపు నేలల మీద నేటి వాతావరణంలో దట్టమైన అడవి పెరిగి ఉండదు, కాని లోతైన చల్కల మీద ఉన్న చెట్లు సేద్యానికి, వంటచెరకుకు, మేతకు పోయినమాట కూడా వాస్తవం. బంజరు అనే ఒకే మాటతో ఈ రెంటినీ కలిపి రాయడం వల్ల గడ్డిభూముల విలువ గుర్తింపు పొందలేదు.

నేలను తిరగవేసే పనిలో చెదల పాత్రను తక్కువగా చూడరాదు. ఎండు కాలంలో వానపాములు పనిచేయలేని చోట చెదలు ఆకు, పుల్ల తిని, కింది పొరలోని బంకమన్నును పైకి తెచ్చి పుట్టలు కడతాయి. పుట్టమన్ను చుట్టూ ఉన్న మన్ను కంటె సన్నగా, బంకగా ఉండడానికి ఇదే కారణం. ఆ పుట్టలు కూలి పరుచుకొన్నప్పుడు ఇసుక తేలిన చల్క పై పొరకు కొంత బంక తిరిగి చేరుతుంది.

అధ్యయన చరిత్ర

ఈ నేలలను మొదట వర్గీకరించినవారు సాగుదారులే. ప్రస్తుత జిల్లాలోని హస్మత్‌పేటలోనూ, మౌలాలి వద్దా ఉన్న బృహత్ శిలా సమాధులు ఇనుప యుగం నాటికే ఇక్కడ జన నివాసం ఉన్నదని చూపుతున్నాయి. చల్క, దుబ్బ, రేగడి, చౌడు అనే విభజన రంగును, గరుకును, నీటిని, పంటను ఒకేసారి లెక్కలోకి తీసుకొంటుంది. ఆధునిక సర్వే పటాలు చాలావరకు ఆ హద్దులనే నిర్ధారించాయి.

శాస్త్రీయ పరిశీలన బ్రిటిషు సర్వేయరు లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితీయ సర్వేతో మొదలైంది. ఆ సర్వేలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రవేత్తగా నియమితుడైన హెన్రీ వెస్లీ వాయ్‌సీ 1824లో మరణించేలోగా హైదరాబాదు చుట్టూ ఉన్న గ్రానైటును పరిశీలించి నివేదికలు రాశాడు. రేగడి బసాల్టు శిథిలమై పుట్టిందని వాయ్‌సీ భావించగా, 1840లలో దక్షిణ భారత భూగర్భాన్ని వర్ణించిన కెప్టెన్ న్యూబోల్డ్ అది నీటి అడుగున పేరుకొన్న ఒండ్రు అని వాదించాడు. ఇద్దరి మాటలోనూ కొంత సత్యం ఉందని, శిల నుంచి నేరుగా పుట్టిన రేగడి, కొట్టుకువచ్చి పేరుకొన్న రేగడి రెండూ ఉన్నాయని తరువాత తేలింది. అయితే నేల అంటే శిల పొడి కాదని, వాతావరణం, జీవులు, వాలు, కాలం కలిసి తయారు చేసే స్వతంత్ర వస్తువని చూపినవాడు రష్యా శాస్త్రవేత్త డొకుచాయెవ్. ఆయన గ్రంథం 1883లో వెలువడింది. మృత్తికా శాస్త్రవేత్త హాన్స్ జెన్నీ 1941లో ఆ కారకాలను ఒక సూత్రంగా కూర్చాడు. భారతదేశంలో వ్యవసాయ రసాయన శాస్త్రవేత్తలైన వోయెల్కర్ 1893 నాటి వ్యవసాయ నివేదిక, 1898లో లెదర్ చేసిన ఒండ్రు, నల్లరేగడి, ఎర్ర, లాటరైటు నేలల విభజన పాఠ్యపుస్తకాలకు పునాది అయ్యాయి.

నిజాం రాజ్యంలో నేలను శిస్తు కోసం చూశారు. మేడ్చల్ తాలూకా నిజాం సొంత భూములైన సర్ఫె ఖాస్‌కు చెందిన అత్రాఫె బల్దా జిల్లాలో ఉండేది. భూమిని తరి, ఖుష్కి, బాగాతు అని, అంటే చెరువు కింది మాగాణి, వాన మీద ఆధారపడిన మెట్ట, తోట అని విడదీసి, నేల రంగు, లోతు చూసి అణాలలో విలువ కట్టేవారు. నిజాం ప్రభుత్వపు ఫసలీ సంవత్సర లెక్కలో 1317 నాటి భూమి శిస్తు చట్టం ఈ పద్ధతికి శాసన రూపం ఇచ్చింది.

నిర్ణయాత్మకమైన పని 1972 తరువాత జరిగింది. ఆ ఏడాది పటాన్‌చెరులో అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నెలకొన్నది. దాదాపు 1,400 హెక్టార్ల ఆ ప్రాంగణాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం అక్కడ ఎర్రనేల, నల్లనేల పక్కపక్కన ఉండడమే. అక్కడి ఎర్రనేలకు పటాన్‌చెరు శ్రేణి అని, నల్లనేలకు కాసిరెడ్డిపల్లి శ్రేణి అని పేర్లు పెట్టారు. శ్రేణి అంటే ఒకే పుట్టుక, ఒకే పొరల వరుస ఉన్న నేలల సముదాయం. 1976లో మొదలైన దీర్ఘకాలిక పరీవాహక ప్రయోగంలో, వెడల్పాటి బోదెలు తోలి, వానాకాలంలోనే విత్తి, ఎరువులు వేసిన నల్లనేలలో హెక్టారుకు సగటున దాదాపు 5 టన్నుల ధాన్యం రాగా, పాత పద్ధతిలో ఒక టన్ను మాత్రమే వచ్చింది. చల్కకు ఆ ఫలితం అంత తేలికగా అందలేదు. వాన చినుకుల దెబ్బకు చల్క పై పొర చెదిరి, ఆరగానే పెళుసుగా పెచ్చు కడుతుంది. మొలక ఆ పెచ్చును చీల్చలేదు, తరువాతి వాన ఇంకక పారిపోతుంది. 1985లో హైదరాబాదులో స్థాపితమైన కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా ఈ ఎర్రనేలల సమస్యల మీద కూడా పనిచేసింది.

సాగు, చెరువు మట్టి

చల్కలో సేంద్రియ కర్బనం సాధారణంగా అర శాతం లోపు. నత్రజని, భాస్వరంతో పాటు జింకు, గంధకం, బోరాన్ లోపాలు పరీక్షల్లో తరచు బయటపడుతున్నాయి. అయినా జొన్న, కంది, ఆముదం, మక్కజొన్న దీని మీద పండాయి. నీరు తేలికగా దిగిపోయే ఆ గుణమే తోటలకు వరమైంది: మేడ్చల్, శామీర్‌పేట, కీసర ప్రాంతం అనాబెషాహి, థామ్సన్ సీడ్‌లెస్ ద్రాక్షకు దేశంలో పేరుపొందడానికి మొరం మీది చల్క, బోరు నీరు, పొడి వాతావరణం కారణాలు.

నేలల గొలుసును వెనక్కి తిప్పిన పద్ధతి ఒకటి ఈ ప్రాంతపు రైతులకు తరతరాలుగా తెలుసు. వాలు నుంచి కొట్టుకుపోయిన సన్నని మన్ను చెరువులో పూడికగా పేరుకొంటుంది. వేసవిలో చెరువు ఎండగానే దానిని బండ్ల మీద తోలి మళ్లీ చల్కలో పరిచేవారు. దానితో చేనుకు బంక, కర్బనం, పోషకాలు, నీటిని పట్టే శక్తి తిరిగి వస్తాయి, చెరువుకు లోతు వస్తుంది. శామీర్‌పేట పెద్దచెరువు వంటి జలాశయాలు నీటితో పాటు నేలను కూడా నిలిపిన నిర్మాణాలు. 2015లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన మిషన్ కాకతీయ ఈ పాత పద్ధతిని రాష్ట్రమంతటా పెద్ద ఎత్తున పునరుద్ధరించే ప్రయత్నం.

ఇటీవలి మార్పులు

2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి కొత్త జిల్లాగా ఏర్పడే నాటికే 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి, జీనోమ్ వ్యాలీ పరిశోధన, ఔషధ సంస్థలు, విద్యాలయాలు, ఇళ్ల వెంచర్లు ఇక్కడి వ్యవసాయ భూమిని వేగంగా కప్పివేయడం మొదలుపెట్టాయి. రోడ్లకు, పునాదులకు మొరం, ఇటుకలకు పల్లపు బంకమన్ను తరలిపోతున్నాయి. జవహర్‌నగర్‌లోని నగర చెత్త గుట్ట నుంచి కారే మురుగు చుట్టుపక్కల నేలను, నీటిని పాడు చేసింది. ద్రాక్షతోటలు చాలావరకు పోయాయి.

కాంక్రీటు కింద పడిన నేల నీటిని ఇంకించుకోదు, తవ్వి తీసిన మొరం తిరిగి ఏర్పడదు. గ్రానైటు మీద ఒక సెంటీమీటరు నేల ఏర్పడడానికి వందల నుంచి వేల సంవత్సరాలు పడుతుంది. ఎర్రని బంక పొర విషయంలో ఆ లెక్క కూడా చెల్లదు, ఎందుకంటే దానిని తయారు చేసిన తేమ వాతావరణమే ఇప్పుడు లేదు. కండ్లకోయ, శామీర్‌పేట అటవీ ఖండాలలోనూ, విద్యాసంస్థల విశాల ప్రాంగణాలలోనూ గుట్ట నుంచి వాగు దాకా తెగని నేలల వరుస ఇంకా కొంత మిగిలి ఉంది. వ్యవసాయ విశ్వవిద్యాలయమూ, అటవీ శాఖా కలిసి వాటిని నమూనా స్థలాలుగా నమోదు చేసి, తవ్వకాల నుంచి శాశ్వతంగా మినహాయించాలి.